ఎనభై దాటినంక

హుజూర్‌నగర్
2 జులై 2023

చిన్నబాపుకు,

వర్షిత రాస్తున్నది. మేమంత బాగున్నం అని మొదలుపెడదామనుకున్న గని, అబద్ధంతోని మొదలుపెట్టుడెందుకని ఆగిన. నీ ఫోను ఏడాది సంది కలుస్తలేదు. మన్ననూరు చెక్‌పోస్టు అడ్రసుకు రాస్తే రేషన్ జీపుల నీ క్యాంపుకు చేరుతదని మీ ఆఫీసాయన చెప్పిండు. పులులు తిరిగే అడివిల వాచర్లకు వంట చేస్తున్నవట గదా! ఇంట్ల ఉన్నన్ని రోజులు ఛాయ్ కూడ పెట్టుకోనోనివి. పాపం ఆ వాచర్లు.

అమ్మకు కిడ్నీలు పనిచేస్తలేవు. వారానికి మూడు సార్లు నల్లగొండ దవాఖానకు తీస్కపోయి డయాలసిస్ చేయించాలె. దగ్గర్ల ఏడ జాగా దొరకలే. బస్సులు ఆమెతోని కాదు, రోజూ కిరాయి బండంటె నాతోని కాదు. బాపు పోయినంక పట్టా కప్పి పెట్టిన కారును మళ్ళ బయటికి తీసిన. నేనే నడుపుతున్న, నువ్వు నేర్పిచ్చిందే.

సంగతేందంటే, మిర్యాలగూడ దాటి నాలుగు లైన్ల రోడ్డెక్కుతమా, స్పీడు ముల్లు ఎనభై దాటంగనే స్టీరింగ్ వణుకుతాంది. డెబ్బైల ఉన్నంత సేపు ఏ రోగం లేదు. ఎనభై దాటితె నా మోచేతుల దాక వస్తది వణుకు.

అది ఒక్కటే అయితే మెకానిక్కుకు చూపిచ్చి ఊకుందును. మొదటిసారి వణికిననాడు అమ్మ వెనక సీట్ల కండ్లు మూసుకోని ఉన్నది. నేను నోరు తెరవలే. ఆమెనే కండ్లు తెరవకుంట "వచ్చిండు" అన్నది. ఎవరమ్మా అంటె, "నడుపు, మాట్లాడకు" అన్నది. అప్పటిసంది ఎనభై దాటినప్పుడల్ల గదే మాట.

బాపు ఏ సీట్ల కూసోని పానం ఇడ్సిండో నీకు తెలుసు. బండి రోడ్డు పక్కకు తీసి, హ్యాండ్ బ్రేకు గుంజి, గా స్టీరింగ్ మీదనే తల పెట్టిండు. గదే స్టీరింగ్ నా చేతులల్ల వణుకుతాంటె ఎట్లుంటదో జర ఆలోచించు. నాకు మస్తు బుగులైతాంది.

బాపు, నువ్వు ఇద్దరు పదిహేనేండ్లు కలిసి నడిపిన బండి. దాని గుణం నీకే ఎరుక. ఏమైందో రాయి. ఇంకోటి, నీ పేరెత్తితె అమ్మ లేచి లోపలికి పోతాంది. ఎందుకో ఆమె చెప్పది. నీకేమన్న తెలుసా?

నీ బిడ్డ
వర్షిత


అమ్రాబాద్ అడివి
10 జులై 2023

బిడ్డా వర్షితా,

నీ ఉత్తరం బియ్యం మూట మీద పెట్టుకోని తెచ్చిండ్రు. చదువుకుంట అన్నం మాడగొట్టిన. నాతోని ఉండే కురుమయ్య "ఇంటికాడ ఎవలన్న పోయిండ్రానె?" అని అడిగిండు. లేదురా, ఉన్నోళ్ళే రాసిండ్రు అని చెప్పిన. వదినకు గింత కష్టమొస్తె నాకు చెప్పేటోళ్ళే లేరాయె. ఎందుకు లేచిపోతదో నాక్కూడ తెల్వది. అన్న పదో దినం నాడు అందరికీ వడ్డించుకుంట వచ్చి, నా ఇస్తరి దగ్గరికి రాంగనే గిన్నె పక్కాయన చేతికిచ్చి పోయింది. ఆనాటిసంది గిట్లనే. అన్న లేని బండి పట్టబుద్ధి కాక, ఆ ఇంటి ముందల నిలబడబుద్ధి కాక గీ అడివి పట్టిన.

ఇగ బండి సంగతి. వణికేది ఏడనో ముందుగాల పట్టుకోవాలె. చేతులల్ల వణుకుతాందా, కూసున్న సీట్ల వణుకుతాందా? బ్రేకు తొక్కినప్పుడు ఎక్కువైతాందా? బ్రేకు మీద ఎక్కువైతె అది బ్రేకు డిస్కుల లోపం. నూరు దాటితె ఎట్లుందో ఒక్కసారి చూడు, ఖాళీ రోడ్డు మీదనే చూడు, వదిన లేనప్పుడు చూడు. చక్రం నట్లు బిగిచ్చి ఉన్నయా అరుసుకో. జాకీ మీద లేపి, చక్రాన్ని మీద కింద పట్టి ఊపు, తర్వాత ఈ పక్క ఆ పక్క పట్టి ఊపు. కటకట అన్నదా, బండి తియ్యకు. అటెన్క టైరు చుట్టూత అరచెయ్యి తిప్పు. ఏడన్న బొబ్బ లెక్క లేస్తె ఆ టైరు ఆ పొద్దే తీసెయ్యి.

వదిన మాటలకు భయపడకు. మందులు మింగే మనిషికి మగత ఉంటది. ఇనుముకు దయ్యం పట్టది బిడ్డా. పట్టేదుంటె నేను నడిపిన బండ్లన్నిటికి పట్టాలె.

పైలంగ నడుపు.
చిన్నబాపు


హుజూర్‌నగర్
19 జులై 2023

చిన్నబాపుకు,

నువ్వు చెప్పినయన్ని చేసిన. జాకీ మీద లేపి ఊపుతాంటె మన గల్లీల ఆడోళ్ళంత బయటికొచ్చి చూసిండ్రు, సర్కస్ వచ్చినట్టు. కటకట లేదు, బొబ్బ లేదు, నట్లు మంచిగున్నయ్. బ్రేకు తొక్కితె తేడా లేదు. వణికేది చేతులల్లనే, సీట్ల కాదు. ఎల్లస్వామి షెడ్డుల చూపిస్తె అలైన్‌మెంట్ అన్నడు. చేయించిన. బండి సక్కగ పోతాంది గని వణుకుడు గట్లనే ఉన్నది.

నూరు కూడ చూసిన. విచిత్రమేందంటె నూరు దాటినంక తగ్గుతాంది! ఇంటికొచ్చి ఆ ముక్క చెప్తె అమ్మ నవ్వింది. "మీ బాపు నూరు మీద ఎన్నడు పోయిండు? భయపడి దిగిపోతడు" అన్నది. ఎన్ని నెలలకు నవ్విందో చిన్నబాపు.

ఇంకో మాట కూడ అన్నది. "ఇది ఆయన చేతుల వణుకుడే, నాకెరుక లేదా?" అని. బాపు చేతులు ఎన్నడు వణికినయ్? నేనైతె చూడలే.

ఇప్పుడు అసలుది రాస్తున్న. ఈ వణుకుడు మొదలు కాకముందు అమ్మ దవాఖానకు రానని మొండికేసింది. ఇగ చాలు, మీ బాపు తానికి పోత అన్నది. కాళ్ళు పట్టుకోని బతిమిలాడి కిరాయి బండెక్కించేదాన్ని. ఇప్పుడేమో పొద్దుగాల నాకంటె ముందు తయారై, తలదువ్వుకోని, మంచి చీర కట్టి గడప మీద కూసుంటాంది. దవాఖానకు కాదు, ఆ రోడ్డుకు వస్తాంది. తొవ్వ పొడుగూత ఆయనతోని ముచ్చట పెడతాంది. బియ్యం ధర, నా పెండ్లి, పక్కింటోళ్ళ గోడ, అన్నీ.

బండి బాగు చేస్తె బాపు రాడు. బాపు రాకపోతె అమ్మ రాదు. డయాలసిస్ బందైతె ఎన్ని రోజులుంటదో డాక్టరు నాకు చెప్పిండు. బాగు చెయ్యకుంటె ఏదో ఒకనాడు ఇద్దరం రోడ్డు మీద పోతమేమో. ఏం చెయ్యమంటవ్?

వర్షిత


అమ్రాబాద్ అడివి
31 జులై 2023

బిడ్డా,

వానలకు తొవ్వ తెగింది, జీపు ఆలస్యంగ వచ్చింది.

అన్న చేతులు వణికినయ్ బిడ్డా. ఆఖరు నెలలల్ల. నాకు, ఆయనకు తప్ప ఇంకెవ్వరికి తెల్వది. వదినకు చెప్పనని నాతోని ఒట్టు పెట్టించుకున్నడు. తెలిస్తె బండి ముట్టనియ్యదని ఆయన భయం. ఆమె ముంగట చేతులు జేబులల్ల పెట్టుకునేటోడు. మరి వదినకెట్ల తెలిసింది? ఎవరు చెప్పిండ్రు? ఇనుముకు దయ్యం పట్టదని పెద్దగ రాసినోన్ని, ఇయ్యాల వాగుకు నీళ్ళకు పోతాంటె వెనక ఎవరో వస్తున్నట్టు అనిపించి ఊకె తిరిగి చూసిన. కురుమయ్య పులనుకోని కట్టె పట్టుకున్నడు. పులైతె బాగుండు అనిపించింది నాకు.

సరే. భయం భయమే, బండి బండే. ఎనభైకి లేచి నూరుకు తగ్గేది, చేతులల్ల తెలిసేది, ముందటి చక్రాల బరువు సమానం లేకనే. దానికి అలైన్‌మెంట్ కాదు, బ్యాలెన్సింగ్ చెయ్యాలె. రిమ్ము అంచుకు చిన్న చిన్న సీసం ముక్కలు కొడతరు, ఏ దిక్కు తేలికుంటె ఆ దిక్కు. అన్న పోయే వారం ముందు నేనే కోదాడకు తీస్కపోయి ముందటి రెండు చక్రాలకు కొట్టించిన. అవి ఉన్నయా, ఊడినయా చూడు. నిజంగ చక్రాలదేనా అని తేల్చుకోవాల్నంటె ముందటియి వెనకకు, వెనకయి ముందటికి మార్పించు. వణుకుడు చేతులు ఇడిసి సీట్లకు పోయిందంటె, గంతే సంగతి.

బాగు చెయ్యాల్నా వద్దా అంటె చెయ్యాలె. వణికే చక్రం టైరును తింటది, బేరింగును తింటది. వదినను ఎట్ల ఒప్పియ్యాల్నో తర్వాత చూద్దాం.

చిన్నబాపు


హుజూర్‌నగర్
9 ఆగస్టు 2023

జంగయ్య చిన్నబాపుకు,

సీసం ముక్కలు లేవు. రిమ్ము అంచుల మీద గీకిన గుర్తులున్నయ్. ఊడినయ్ కావు, పీకినయ్. ఎల్లస్వామి కూడ గదే అన్నడు.

చక్రాలు మార్పించిన. నువ్వు చెప్పినట్టే అయ్యింది. ఎనభై దాటితె స్టీరింగ్ చల్లగ ఉన్నది. వెనక సీటు వణికింది. అద్దంల చూస్తె అమ్మ ఖాళీ జాగా మీద అరచెయ్యి ఆనించి కూసున్నది. "నడుపుడు ఇడ్సిపెట్టిండు. ఇయ్యాల పక్కకొచ్చి కూసున్నడు" అన్నది. మొకం పెండ్లి పిల్ల లెక్క వెలిగింది. నేను నడుపుకుంట ఏడ్చిన, ఆమెకు కనబడకుంట.

ఇంటికొచ్చినంక సీసం సంగతి అడిగిన. ఎందుకు అడిగిన్నో అనిపించింది.

అమ్మనే పీకిందట. పది దినాలు అయినంక స్క్రూడ్రైవరు పెట్టి పీకి, నల్లగుడ్డల మూట కట్టి, మట్టపల్లి కాడ కృష్ణల ఏసి వచ్చిందట. బాపు ఉన్నప్పుడు ఒకనాడు తెల్లారకముందే నువ్వు చక్రం కాడ వంగి, సుత్తెతోని సీసం కొడుతుంటె ఆమె కిటికీల నుంచి చూసిందట. తల్లిగారి ఊరు మక్తల్ల వాళ్ళ అవ్వ చెప్పేదట, పేరు చెప్పి సీసం కొడితె ఆ మనిషి చేతులు కట్టుబడతయని, అటెన్క పానం కట్టుబడతదని. బాణామతి చేసేటోళ్ళ పని అదేనట. నువ్వు కొట్టిన వారానికే బాపు పోయిండు. "వాని చేతుల మీదికెల్లి పోయిండు నా మొగడు. నేను ఆ కట్టు ఇప్పిన. అందుకే వస్తున్నడు" అన్నది.

నేను డిగ్రీ చదివినదాన్ని. గిసొంటియి నమ్మను. కానీ చిన్నబాపు, కోదాడల కొట్టించిన అని రాసినవ్. మరి ఇంటికాడ, చీకట్ల, ఎవ్వరు లేవకముందు సుత్తె పట్టుకోని ఏం చేసినవ్? బాపు చేతులు వణుకుతున్నయని నీకొక్కనికే ఎట్ల తెలుసు? ఎందుకు దాచినవ్?

రాయి. అబద్ధం రాయకు.

వర్షిత


అమ్రాబాద్ అడివి
21 ఆగస్టు 2023

వర్షితా,

బాగనే అడిగినవ్. నిన్ను భుజాల మీద ఎక్కించుకోని ఊరంత తిప్పినోన్ని బాణామతిగాడా అని అడిగినవ్. గా మాటకు ఊర్లల్ల మనుషులను చెట్టుకు కట్టేసి నోట్ల పండ్లు పీకిండ్రు. నువ్వు రాసిన కాయితం పొయ్యిల పెట్టబోయిన. పెట్టలేకపోయిన.

ఇను. ఒకనాడు అన్న నన్ను పిలిచి "జంగయ్యా, వణికేది బండినో నేనో తెలుస్తలేదురా" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు గని కండ్లల్ల నీళ్ళున్నయ్. బండే అయ్యుంటదన్నా అని, అదే అయ్యుండాలె అని మొక్కుకోని, కోదాడల సీసం కొట్టించిన. ఇంటికి తెచ్చినంక ఒక ముక్క లూజు అనిపించింది. అన్న బండి తియ్యకముందే బిగిద్దామని పొద్దుగాల సుత్తెతోని రెండు దెబ్బలు కొట్టిన. వదిన చూసింది గదే.

ఆ పొద్దు అన్న, నేను మిర్యాలగూడ రోడ్డెక్కినం. ఎనభై, తొంభై. స్టీరింగ్ నీళ్ళ లెక్క నిలబడ్డది. అన్న చేతులు మాత్రం దాని మీద వణుకుతనే ఉన్నయ్. ఇద్దరం చూసినం. నా తమ్ముడు బండి బాగు చేసిండు అని వదినకు చెప్తనన్నడు, అది కూడ చెప్పలేదు గావచ్చు. వారానికే పోయిండు. గుండెనే పోయింది, డాక్టరు కాయితం మీ ఇంట్లనే ఉన్నది.

గిదీ నేను చేసింది. వదినకు చదివి వినిపియ్యి. నా అన్నను నేను చంపుకుంటనా? తల్లి లేని నాకు ముద్దలు కలిపి పెట్టిన మనిషి గిట్ల అనుకున్నదా ఇన్ని రోజులు? నాకు అన్నం సైస్తలేదు.

జంగయ్య


హుజూర్‌నగర్
1 సెప్టెంబర్ 2023

చిన్నబాపుకు,

నన్ను తిట్టు, కొట్టు, ఏమన్న చెయ్యి. నీ ఉత్తరం చదివినంక నా మొకం నేనే అద్దంల చూసుకోలేకపోయిన.

అమ్మకు చదివి వినిపిచ్చిన. బాపు చేతుల ముచ్చట దగ్గర ఆపమన్నది. "దాచిండ్రట! ఇద్దరికిద్దరు పెద్ద తెలివిమంతులు. పక్కన పండుకున్నదానికి తెల్వదా? ఆయనకు నిద్ర పట్టినంక ఆ చెయ్యి పట్టుకునేదాన్ని, వణుకుడు ఆగేదాక" అన్నది. గదే సంగతి చిన్నబాపు, ఆమెకు ఎవ్వరు చెప్పలే.

మొత్తం అయిపోయినంక గిట్ల అన్నది, ఆమె అన్నది అన్నట్టే రాస్తున్న: "సీసం ఉత్త సీసమే అయితె జంగయ్య ఏం చెయ్యలే. అప్పుడు మీ బాపు కూడ వస్తలేడు, చక్రాలు వణుకుతున్నయ్ గంతే. మీ బాపు వస్తున్నది నిజమైతె, ఆయన్ను కట్టేసింది జంగయ్యనే. నాకు ఇద్దరు కావాల్నంటె ఎట్లనే?"

ఆ పొద్దుసంది బండెక్కుతలేదు. మొన్నటి డయాలసిస్ పోయింది, ఇయ్యాల్టిది కూడ పోయింది. కాళ్ళు ఉబ్బినయ్, మొకం ఉబ్బింది. పండుకుంటె ఊపిరాడక గోడకానుకోని కూసుంటాంది. ఏది నిజమో తేలేదాక రాను అంటాంది. నిజం చెప్పి నేనే ఆమెను చంపుతున్ననా? నిన్ను ఇడిపించబోయి అమ్మను పోగొట్టుకుంటున్న. జల్ది రాయి. పోస్టుకు ఇయ్యకుంట మన్ననూరు పోయే లారీ డ్రైవరుకు ఇచ్చి పంపుతున్న.

వర్షిత


అమ్రాబాద్ అడివి
3 సెప్టెంబర్ 2023

బిడ్డా,

ఆ లారీ డ్రైవరు చేతికే ఇస్తున్న, మన్ననూరు దాక ఉరికొచ్చి. ఈ మీది ముక్క నీకు, కింది ముక్క వదినకు. కింది ముక్క వినిపిచ్చి, మీది ముక్క చింపెయ్యి.

చక్రాలు ఇప్పుడెట్లున్నయో అట్లనే ఉండనీ. వెనక ఉన్నయి గాబట్టి స్టీరింగ్ నీ చేతుల ఉంటది. ఎనభై ఐదు దాటకు. ప్రతిసారి బండి తీసే ముందు టైర్ల మీద అరచెయ్యి తిప్పు. నేను ఆలోచించే రాస్తున్న, నాకేం పిచ్చి లేదు. ఇగ హుజూర్‌నగర్‌కు నేను రాలేను, రాకున్నా సరే. ఆమె బతకాలె.

వదినకు జంగయ్య రాసేది. నువ్వు చూసింది నిజం. కట్టు నేనే పెట్టిన. అన్నకు పేరొస్తాందని, అందరు అన్న పేరు పెట్టి శ్రీశైలం కారు అంటున్నరు గని జంగయ్య పేరెత్తుతలేరని కుళ్ళుకోని పెట్టిన. సీసం మీద అన్న పేరు చెప్పి కొట్టిన. నువ్వు మంచి పని చేసినవ్, పీకి పారేసినవ్. కట్టు తెగింది. అందుకే అన్న నీ తానికి వస్తున్నడు. బండిల వస్తడు, ఆ రోడ్డు మీదనే వస్తడు, కాబట్టి నువ్వు బండెక్కాలె. దవాఖానకు పో వదినా. ఒక్కనాడు కూడ తప్పియ్యకు. నన్ను తిట్టుకుంటనే పో.

జంగయ్య


హుజూర్‌నగర్
6 సెప్టెంబర్ 2023

చిన్నబాపుకు,

నువ్వు చెప్పినట్టే చేసిన. నీ పేరు పాడు చేసే కాయితాన్ని నా నోటితోని చదివిన. అమ్మ బతకాలని చదివిన.

గోడకానుకోని కండ్లు మూసుకోని విన్నది. ఆఖరు మాట దగ్గర కండ్లు తెరిచి, మళ్ళ చదువు అన్నది. మళ్ళ చదివిన. అప్పుడు ఏమన్నదో తెలుసా? "బాణామతి చేసినోడు దవాఖానకు పో వదినా అని రాస్తడానె? ఒక్కనాడు తప్పియ్యకు అని రాస్తడా? వీనికి అబద్ధం ఆడుడు చిన్నప్పటిసంది రాదు" అన్నది. అని, కొంగు నోట్ల పెట్టుకోని ఏడ్చింది. బాపు పోయిననాడు కూడ గట్ల ఏడ్వలే.

ఏడ్చి ఏడ్చి, మొకం కడుక్కోని, "కోదాడ పోదాం పద, సీసం కొట్టిద్దాం" అన్నది. ముందుగాల దవాఖాన అని నేను మొత్తుకుంటె ఇనలే. వద్దమ్మా, నీకు బాపు రావాలె గదా అన్న. "ఆయన పోయిండు. వీడు ఉన్నడు. ఉన్నోన్ని దొంగను చేసి పోయినోన్ని తెచ్చుకుంటనా?" అన్నది.

కోదాడల కుర్చీ ఏస్తె కూసోలే. ఉబ్బిన కాళ్ళతోని నిలబడి, కొడుతున్న ఒక్కొక్క ముక్కను చూసింది. ఆడికెల్లి సీదా నల్లగొండకు తోలిన. నాలుగు లైన్ల రోడ్డెక్కినం. ఎనభై. తొంభై. ఏం లేదు చిన్నబాపు. స్టీరింగ్ వణుకలే, సీటు వణుకలే. అమ్మ చెయ్యి పక్క జాగా మీదనే ఉన్నది. టోల్‌గేటు దాకా గట్లనే పెట్టుకోని కూసున్నది. అక్కడ నేను రశీదు తీసుకోని అద్దంల చూసేటాలకు చెయ్యి ఒళ్ళె పెట్టుకున్నది. ఆ అద్దంల ఖాళీ సీటు చూసి నాకు ఎన్నడు కానంత భయమైంది. బాపు వచ్చినప్పుడు కాని భయం, రానప్పుడు అయ్యింది.

డయాలసిస్ అయ్యింది, నీళ్ళు మస్తు తీసిండ్రు. ఊపిరి ఆడుతాంది. తిరిగి వచ్చేటప్పుడు మొదటిసారి ముందటి సీట్ల కూసున్నది. ఎందుకమ్మా, వెనక పండుకో అంటె, "వెనక ఒక్కదాన్ని ఉండలేనే" అన్నది. శుక్రవారం వస్తవా అని అడిగిన. సీటు బెల్టు గుంజి పెట్టుకోని, వస్త అన్నది.

ఇంట్లకు రాంగనే పీట వాల్చుకోని నాతోని గీ ముక్క రాయించింది: "జంగయ్యా, నీ కోసం మీ అన్నను ఇడ్సిపెట్టిన. ఇగ నువ్వన్న ఇంటికి రా. ఆనాడు నీ ఇస్తర్ల అన్నం పెట్టలే. వచ్చి తిను."

నీ బిడ్డ
వర్షిత